సారె లేకుండా కుండ

మట్టితో పాత్ర చేయడానికి సారె తప్పనిసరి కాదు. చైనాలో జియాంగ్‌షీ ప్రాంతపు షియన్‌రెన్‌దోంగ్ గుహలో దొరికిన కుండపెంకుల వయసు సుమారు 20,000 ఏళ్లని 2012లో పరిశోధకులు ప్రకటించారు. వేగంగా తిరిగే సారె మెసపొటేమియాలో వాడుకలోకి వచ్చి ఐదారు వేల ఏళ్లే అవుతోంది. అంటే మనిషి కుండ చేసిన కాలంలో ఎక్కువ భాగం చేతితోనే చేశాడు. దక్కన్‌లోనూ అంతే. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిదదిబ్బను 1957లో పురావస్తు పరిశోధకుడు ఆల్చిన్ తవ్వించినప్పుడు బయటపడ్డ నవీన శిలాయుగపు కుండల్లో ఎక్కువ భాగం చేతితో చేసినవే. పశువులను మందలుగా పెంచిన ఆ జనం సారె ఎరగకుండానే నిత్యం వాడుకునే పాత్రలు చేసుకున్నారు.

ఈ విద్య ఇప్పటికీ బతికే ఉంది. అస్సాంలో హీరా కులపు స్త్రీలు సారె ముట్టకుండా కుండలు చేస్తారు. నికోబార్ దీవుల్లో చౌరా అనే చిన్న దీవి స్త్రీలు చేతితో చేసిన కుండలే ఒకప్పుడు చుట్టుపక్కల దీవులన్నిటికీ వెళ్లేవి. మణిపూర్‌లోని ఉఖ్రుల్ జిల్లా లోంగ్పి గ్రామంలో తంఖుల్ నాగాలు రాతిపొడి, మట్టి కలిపి నల్లటి వంటపాత్రలు చేస్తారు. అవి నగరాల దుకాణాల్లోనూ దొరుకుతున్నాయి. తెలుగు ఊళ్లలో కుమ్మరి పని సారె మీదే సాగినా, మట్టిపొయ్యి వేయడం, వినాయక చవితికి ప్రతిమ చేయడం, రాయలసీమలో మన్నెత్తుల అమావాస్యకు ఎద్దుల బొమ్మలు చేయడం ఇంటి మనుషులు చేతులతో చేసే పనులే. సారె మీద తీసిన పెద్ద కుండకు అడుగు మూసి పొట్ట పెంచేది కూడా లోపల రాయి పెట్టి బయట చెక్కతో కొట్టే చేతి పనే. కాబట్టి చేతితో కుండ చేయడాన్ని సారె నేర్చుకునే ముందు వేసే తొలిమెట్టుగా చూడకూడదు. అది దానంతట అది పూర్తి విద్య.

కొత్తగా మొదలుపెట్టేవారు సాధారణంగా ఆకారం మీద దృష్టి పెడతారు. గోడ సమంగా వచ్చిందా, అంచు గుండ్రంగా ఉందా అని చూస్తారు. నిజానికి చేతి కుండ నిలిచేదీ పగిలేదీ మట్టిలోని తడిని బట్టి. ఏ క్షణంలో మట్టి ఎంత తడిగా ఉంది, ఆ తడిలో అది ఏ పనికి ఒప్పుకుంటుంది, ఇంకెంతసేపు ఆగాలి అన్నది వేళ్లకు తెలియాలి. ఈ అధ్యాయంలోని పద్ధతులన్నీ ఆ తెలివిడి చుట్టూనే తిరుగుతాయి.

మట్టిలో నీరు చేసే పని

బంకమట్టి కణాలు అతి సూక్ష్మమైన పలచని బిళ్లలు. వాటి మధ్య నీటి పొర ఉన్నప్పుడు ఒకదానిపై ఒకటి జారతాయి, కానీ విడిపోవు. మట్టి సాగేదీ, సాగాక ఇచ్చిన ఆకారంలో నిలిచేదీ అందువల్లే. నీరు ఆవిరయ్యేకొద్దీ బిళ్లలు దగ్గరికి జరుగుతాయి, వస్తువు కుంచించుకుపోతుంది. ఆరేటప్పుడు చాలా మట్టులు నూటికి 5 నుంచి 10 వంతుల దాకా తగ్గుతాయి, కాల్చినప్పుడు ఇంకొంత తగ్గుతాయి. కుండలో ఒక భాగం ముందు ఆరి కుంచించుకుపోయి, పక్క భాగం ఇంకా తడిగా ఉంటే ఆ రెండింటి మధ్య లాగుడు పుడుతుంది. లాగుడు మట్టి బలాన్ని మించిన చోట చీలిక వస్తుంది. ఆరేటప్పుడు వచ్చే పగుళ్లలో అత్యధిక భాగం ఈ ఒక్క కారణం వల్లే.

పని చేసేవారు గుర్తించవలసిన దశలు మూడు. మొదటిది మెత్తని దశ: చపాతీ పిండిలా నొక్కితే గుంట పడుతుంది, చేతికి అంటుకోదు. నొక్కడం, తాళ్లు చేయడం, పలకలు ఒత్తడం ఇప్పుడే. రెండోది అరారిన దశ: గోరుతో నొక్కితే గీత పడుతుంది కానీ గోడ వంగదు, వస్తువును రెండు చేతులతో ఎత్తవచ్చు. అతుకులు వేయడం, చెక్కడం, పాదం తీయడం, పిడి అమర్చడం, రాయితో మెరుగు పెట్టడం ఈ దశలోవే. మూడోది పూర్తిగా ఆరిన పచ్చికుండ. రంగు పాలిపోతుంది, చూడటానికి గట్టిగా ఉంటుంది, కానీ అన్ని దశల్లోకీ ఇదే పెళుసైనది. అంచు పట్టుకుని ఎత్తితే విరుగుతుంది. ఎప్పుడూ అడుగు నుంచి రెండు చేతులతో ఎత్తాలి.

చేతి పనిలో ఎక్కువ కాలం వీటిలో రెండో దశ కోసం కాచుకోవడంలోనే పోతుంది. వేసవి వడగాలిలో కర్నూలులో గంటలో వచ్చే దశకు, వానాకాలం కాకినాడలో ఒక రోజు పట్టవచ్చు. గడియారం చూసి చెప్పగలిగేది కాదు. పలచని ప్లాస్టిక్ కవర్, తడిగుడ్డ, మూత పెట్టగల డబ్బా ఉంటే ఆ వేగం చేతిలో ఉంటుంది. ఎక్కువ ఆరనివ్వాలంటే కవర్ తీయాలి, ఆపాలంటే కప్పాలి. కొత్తవారు పనిముట్ల మీద పెట్టే ఖర్చులో కొంత ఈ కవర్ల మీద పెట్టడం మేలు.

మట్టిని ఎంచుకోవడం, సిద్ధం చేయడం

నగరంలో ఉన్నవారికి పాటరీ సామగ్రి అమ్మేచోట సిద్ధం చేసిన ఎర్రమట్టి సంచుల్లో దొరుకుతుంది. మొదటి నెలలకు అదే సులువు. ఊళ్లో ఉన్నవారికి కుమ్మరుల దగ్గర మట్టి అడిగి తెచ్చుకోవడం అంతకన్నా మంచి దారి. ఏ చెరువు మట్టి నిలుస్తుందో, దేంతో ఏది ఎంత కలపాలో వాళ్లకు తరాలుగా తెలుసు.

సొంతంగా తవ్వి తెచ్చేవారు మూడు పరీక్షలు చేయాలి. తడి మట్టిని చిటికెన వేలంత తాడుగా చేసి వేలి చుట్టూ చుట్టాలి. పగలకుండా చుట్టుకుంటే సాగే గుణం ఉన్నట్టు. పలచని పట్టీ చేసి దానిమీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి, ఆరాక మళ్లీ కొలవాలి. గీత 9 సెంటీమీటర్లకు దిగిపోతే ఆ మట్టి నూటికి పది వంతులు తగ్గుతోందని అర్థం, ఏదైనా కలపకుండా పనికి రాదు. మూడోది సున్నం పరీక్ష. ఎండిన మట్టి మీద వెనిగర్ పోస్తే నురగ వస్తే అందులో సున్నపు పదార్థం ఉన్నట్టు. తెలుగు నేలల్లో ఇది చిన్న విషయం కాదు. సున్నపుగుళ్లు ఆవంలో కాలి సున్నంగా మారతాయి. తర్వాత గాలిలో తేమ పీల్చి ఉబ్బి, బాగా కాలిన కుండ గోడను కూడా కొన్ని రోజులకు పొరలుగా ఊడదీస్తాయి. ఆ మట్టిని సన్నని జల్లెడ పట్టకుండా వాడకూడదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారే నేల. ఆ గుణం కుండలోకీ వస్తుంది కాబట్టి ఒంటరిగా పనికిరాదు.

తవ్విన మట్టిని పూర్తిగా ఎండబెట్టి, పొడి చేసి, నీళ్లలో వేయాలి. బాగా ఎండిన మట్టే నీటిలో తేలిగ్గా విచ్చుకుంటుంది. సగం తడిగా ఉన్న గడ్డ రోజుల తరబడి గడ్డగానే ఉంటుంది. విడిచేసిన పచ్చి పాత్రలను తిరిగి మట్టిగా చేసుకునేటప్పుడూ ఇదే నియమం. నానిన మట్టిని గుడ్డతో వడకట్టి, రాళ్లూ వేళ్లూ తీసేసి, పేరుకున్నాక పైనీళ్లు వంచి, ముద్ద గట్టిపడే దాకా గుడ్డలో వేలాడదీయాలి.

చేతితో చేసే పాత్రకు నున్నని మట్టి ఒక్కటే చాలదు. సన్నని ఇసుక గానీ, పాత కుండపెంకులను దంచి జల్లించిన పొడి గానీ మట్టిలో నూటికి 10 నుంచి 20 వంతుల వరకు కలిపితే గోడలకు ఆసరా వస్తుంది, నీరు బయటికి పోవడానికి దారులు ఏర్పడతాయి, కుంచింపు తగ్గుతుంది. రాజస్థాన్‌లో మొలేలా కళాకారులు దేవతా ఫలకాలకు మట్టిలో గాడిదపేడ కలుపుతారు. అందులోని పీచు తడి మట్టిని పట్టి ఉంచుతుంది, కాల్చినప్పుడు మాడిపోయి సన్నని రంధ్రాలు వదులుతుంది. లోంగ్పి మట్టిలో రాతిపొడిది పెద్ద వాటా. ఆ పాత్రలు నేరుగా పొయ్యిమీద పెట్టినా తట్టుకునేది దానివల్లే.

ఆఖరి పని పిసకడం. పెద్ద ఎత్తున చేసే కుమ్మరులు కాళ్లతో తొక్కుతారు, ఇంట్లో చేతులు చాలు. ముద్దను తీగతో రెండుగా కోసి, ఒక ముక్కను మరొకదాని మీద గట్టిగా వేసి కలపడం పదీ ఇరవై సార్లు చేస్తే గట్టి మెత్తని చారలన్నీ ఒకటవుతాయి. కోసిన ముఖంలో గాలి రంధ్రాలు కనపడకూడదు. గాలి బుడగ ఉంటే ఆవంలో కుండ పేలిపోతుందని చాలామంది భయపడతారు. పేల్చేది గాలి కాదు, గోడలో మిగిలిన నీరు. ఆవిరిగా మారేటప్పుడు నీరు సుమారు 1,600 రెట్లు వ్యాపిస్తుంది. బుడగల వల్ల గోడ బలహీనపడుతుంది, అందుకే పిసకాలి.

మొదటి పాత్ర: నొక్కి చేసే ముంత

చేతికి తడి నేర్పే మొదటి పని ఇదే. అరచేతిలో ఇమిడే ఉండ తీసుకోవాలి. ఎడమ అరచేతిలో ఉంచి, కుడి బొటనవేలిని నడిమధ్య దించి, అడుగున దాదాపు ఒక సెంటీమీటరు మందం మిగిలేలా ఆపాలి. అక్కడి నుంచి బొటనవేలు లోపల, మిగతా వేళ్లు బయట పెట్టి, ఉండను కొంచెం కొంచెం తిప్పుతూ నొక్కాలి. అడుగు వరుస పూర్తయ్యాకే పై వరుసకు రావాలి. చాలామంది అంచును ముందే పలచన చేస్తారు. పలచని అంచు త్వరగా ఆరి, వెడల్పుగా విచ్చుకుని, చీలిపోతుంది. అంచు చివరిదాకా మందంగా ఉండాలి. చివర్లో గోడ 5, 6 మిల్లీమీటర్లకు వస్తే చాలు.

మట్టి పగులుతున్నట్టు కనిపించగానే నీళ్లలో వేళ్లు ముంచడం కొత్తవారి అలవాటు. పైపై నీరు మట్టిని బురదగా చేస్తుంది, లోపలి ఎండుతనం అలాగే ఉంటుంది. గోడ కూలుతుంది. చిన్న పగుళ్లను తడి వేలికొసతో ఒకసారి రాసి సర్దితే చాలు. అన్ని వైపులా పగుళ్లు వస్తుంటే ఆ ఉండను పక్కన పెట్టి, మట్టిని మళ్లీ తడిపి పిసకాలి. మెత్తబడి సాగిలపడుతుంటే బోర్లించి కాసేపు వదిలేయాలి. ఆగడం కూడా పనే.

నొక్కుడు పద్ధతిని చిన్నపిల్లల ఆటగా తీసిపారేయడం పొరపాటు. 16వ శతాబ్దంలో క్యోటోలో చోజిరో అనే కుమ్మరి, తేనీటి గురువు సెన్ నో రిక్యూ కోసం చేసిన రాకు గిన్నెలు సారె లేకుండా చేత్తో మలిచినవే. జపనీయుల తేనీటి సంప్రదాయంలో వాటికున్న గౌరవం మరే గిన్నెలకూ లేదనవచ్చు. అమెరికాలో పాలస్ బెరెన్‌సన్ 1972లో నొక్కుడు పాత్రల మీద రాసిన పుస్తకం నేటికీ చదువుతున్నారు.

ఒకే మందంలో మూడు నాలుగు ముంతలు వచ్చాక, రెండు ముంతలను అంచుకు అంచు అతికి మూసిన గోళంగా చేయడం మంచి సాధన. లోపల చిక్కుకున్న గాలి గోడను నిలబెడుతుంది, చెక్కతో మెల్లగా తట్టి ఏ ఆకారమైనా తేవచ్చు. ఆకారం వచ్చాక పిన్నీసుతో ఒక రంధ్రం చేయాలి, లేకపోతే గోడలు కుంచించుకుపోయేటప్పుడు లోపలి గాలి అతుకును నెడుతుంది.

తాళ్లు చుట్టి ఎత్తు కట్టడం

అరచేతికి మించిన పాత్రకు తాళ్ల పద్ధతి కావాలి. ముందు ఒక సెంటీమీటరు మందపు అడుగు బిళ్ల. దానిమీద మట్టి తాళ్లు ఒకదానిపై ఒకటి. తాడు చేసేటప్పుడు వేళ్లు విప్పి, అరచేయి మొత్తంతో, మధ్య నుంచి చివరలకు దొర్లించాలి. వేలి మందం, అంటే ఒకటి ఒకటిన్నర సెంటీమీటరు సరిపోతుంది. తాడు చదునవుతుంటే బరువు ఎక్కువ వేస్తున్నట్టు, చీలుతుంటే మట్టి ఎండినట్టు. బల్ల చెక్కదైతే తేమ పీల్చేస్తుంది. కొంచెం తడిపిన గుడ్డ పరిస్తే తాళ్లు ఎండవు.

అడుగు అంచును ఫోర్కుతోనో పాత దువ్వెనతోనో గీరి, గరిటజారుగా కలిపిన అదే మట్టిని పూసి తాడు కూర్చాలి. తర్వాత లోపలి వైపు బొటనవేలితో పై తాడు మట్టిని కిందికి, బయటి వైపు చూపుడువేలితో కింది మట్టిని పైకి లాగి కలపాలి. బయట గీతలు అందంగా కనిపించాలనుకునేవారు బయటివైపు వదిలేయవచ్చు గానీ లోపలి వైపు కలపకుండా వదలకూడదు. ఆరేటప్పుడు తాళ్లు విడిపోయేది అక్కడే. పొట్ట రావాలంటే కొత్త తాడును కింది తాడు బయటి అంచు మీద, మెడ రావాలంటే లోపలి అంచు మీద పెట్టాలి. తాళ్ల కొసలు కలిసే చోట్లు ఒకే వరుసలో పడకూడదు.

మూడు నాలుగు తాళ్లు వేశాక ఆగాలి. కింది మట్టికి పైబరువు మోసే గట్టిదనం రాకపోతే పొట్ట జారిపోతుంది. అలాగని ఎక్కువ ఆరితే కొత్త తాడు అంటుకోదు. ఇక్కడే తడిగుడ్డ పని చేస్తుంది: అంచును మాత్రం తడిగుడ్డతో కప్పి, కింది గోడలను గాలికి వదిలితే, తిరిగి వచ్చేసరికి గోడ గట్టిగా, అంచు మెత్తగా ఉంటాయి. పెద్ద బాన కట్టడం ఇలా రెండు మూడు రోజులు సాగుతుంది. నైజీరియాలోని అబూజా శిక్షణ కేంద్రంలో పనిచేసిన లాడీ క్వాలీ, గ్వారి స్త్రీల పద్ధతిలో కుండను నేలమీద ఉంచి తానే దాని చుట్టూ తిరుగుతూ పెద్ద కడవలు కట్టేది. ఆమె బొమ్మ ఆ దేశపు 20 నైరాల నోటు మీద ఉంది. ఇంట్లో చేసేవారు పాత్రను చిన్న పీట మీద ఉంచి పీటను తిప్పుకోవచ్చు. ఒకే వైపు నుంచి చూస్తూ కడితే కుండ ఆ వైపు వంగుతుంది.

గోడ నిలిచాక కొబ్బరిచిప్ప ముక్కతో లోపల, పాత ఏటీఎం కార్డుతో బయట గీరి సమం చేయాలి. అరారిన దశ దగ్గరపడ్డాక లోపల నున్నటి రాయిని ఆనించి, బయట సరిగ్గా దాని ఎదురుగా చెక్కతో తట్టితే గోడ పలచనవుతుంది, పొట్ట పెరుగుతుంది, అతుకులు నొక్కుకుని ఒకటవుతాయి. తెలుగు ఊళ్ల కుమ్మరులు కడవలకు చేసే పనీ ఇదే. రాయికి, చెక్కకు కొంచెం బూడిద రాస్తే మట్టి అంటదు. ఈ తట్టుడు ఓపికగా నేర్చుకున్నవారి కుండకు వచ్చే బలం, తాళ్లు కలిపి వదిలేసిన కుండకు రాదు. అందుకే ఇది పాఠాల్లో వదిలేయదగిన మెట్టు కాదు.

పలకలు, అచ్చులు

పళ్లెం, పెట్టె, కూజా వంటి పాత్రకు పలక పద్ధతి. 6 నుంచి 8 మిల్లీమీటర్ల మందపు రెండు కర్రల మధ్య గుడ్డ పరిచి, దానిమీద మట్టి పెట్టి, చపాతీ కర్రను ఆ రెండు కర్రల మీద నడిపితే పలక సమ మందంలో వస్తుంది. అప్పుడప్పుడు తిరగేసి రెండు వైపులా ఒత్తాలి. పలకను ఒక మూల పట్టుకుని లేపితే వంగుతుంది. తర్వాత చదును చేసినా, కాలినప్పుడు ఆ వంపు తిరిగి కనపడుతుంది. గుడ్డతో సహా ఎత్తి, రెండు చెక్కల మధ్య పెట్టి తిప్పాలి.

మెత్తని పలకను అచ్చు మీద వంచవచ్చు. నిలువు గోడలకు మాత్రం అరారనిచ్చి కోయాలి. కలిసే అంచులను 45 డిగ్రీల వాలులో కోసి, గీరి, మట్టి పూసి నొక్కాక, లోపలి మూలలో సన్నని తాడు పెట్టి రుద్దాలి. అతికే రెండు ముక్కలూ ఒకే తడిలో ఉండటం అన్నిటికన్నా ముఖ్యం. ఆరిన కప్పుకు మెత్తని పిడి అతికిస్తే ఎంత గీరినా ఎంత పూసినా పిడి ఊడుతుంది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో తొలి కుండలు చిన్న మట్టి పలకలను ఒకదానికొకటి అతికి చేసినవని పెంకులను పరిశీలించినవారు కనుగొన్నారు. చేతి పనిలో అతుకు ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది.

అచ్చుగా పాత కుండ అడుగు, మూకుడు, గిన్నె ఏదైనా పనికొస్తుంది. బూడిద చల్లడమో పలచని గుడ్డ వేయడమో మరచిపోకూడదు. గిన్నె లోపల ఒత్తిన మట్టి ఆరేకొద్దీ కుంచించి దానంతట అదే విడివడుతుంది. బోర్లించిన గిన్నె పైన వేసిన మట్టి మాత్రం కుంచిస్తూ అచ్చును బిగించి చీలుతుంది, గట్టిపడగానే తీసేయాలి. న్యూమెక్సికోలోని సాన్ ఇల్డెఫోన్సో పల్లెకు చెందిన మరియా మార్టినెజ్ (1887–1980) కుండ అడుగును ఇలాంటి లోతు పళ్లెంలో ఒత్తి, పైభాగం తాళ్లతో కట్టేది. ఒకే పాత్రలో రెండు మూడు పద్ధతులు కలపడం చేతి పనిలో సహజం.

ఆరబెట్టడం, మెరుగు

పూర్తయిన పాత్రను నీడలో, గాలి ఒకే వైపు నుంచి కొట్టని చోట, వదులుగా కవర్ కప్పి ఉంచాలి. అంచు, పిడి ముందు ఆరతాయి కాబట్టి వాటికి విడిగా కవర్ చుట్టాలి. అడుగు ఆఖరున ఆరుతుంది కాబట్టి బోర్లించడమో, కర్రముక్కల మీద పెట్టడమో చేయాలి. చిన్న ముంతకు మూడు నాలుగు రోజులు, మందపు కుండకు వారం పది రోజులు మామూలు. చెంపకు ఆనించి చూస్తే చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. పూర్తిగా ఆరిందనుకున్నాకా, కాల్చే ముందు ఎండలోనో పొయ్యి దగ్గరో వెచ్చబెట్టడం అలవాటు చేసుకోవాలి.

పగుళ్లు ఎక్కడ వచ్చాయో చూస్తే కారణం తెలుస్తుంది. అంచు నుంచి కిందికి దిగితే అంచు ముందు ఆరింది. అడుగు మధ్యలో వస్తే అడుగు కింది చెక్కకు అంటుకుని కుంచించలేకపోయింది, లేదా లోపల నీళ్లు నిలిచాయి. అతుకు వెంట వస్తే రెండు ముక్కల తడిలో తేడా ఉంది. పూర్తిగా ఆరిన కుండలో చీలికను మట్టి పూసి కప్పితే కాల్చాక మళ్లీ తెరుచుకుంటుంది. దాన్ని నీళ్లలో వేసి మట్టి చేసుకోవడమే లాభం.

మెరుగు అరారిన దశ ముగుస్తున్నప్పుడు పెట్టాలి. నదిరాయి లేదా స్టీలు చెంచా వెనుకతో గుండ్రంగా రుద్దితే పైకణాలు పడుకుని నునుపు వస్తుంది. ముందుగా ఎర్రమన్ను నీళ్లు పూసి, తడి ఆరగానే రుద్దితే రంగు లోతుగా కనిపిస్తుంది. ఈ నునుపు 1,000 డిగ్రీల పైన కాలిస్తే పోతుంది. కెన్యాలో పుట్టిన మాగ్డలీన్ ఒడుండో చేతితో కట్టే పాత్రలకు గాజుపూత ఉండదు, వాటి మెరుపంతా ఈ రుద్దుడులోంచి వచ్చిందే.

కాల్చడం

ఆరిన మట్టి నీళ్లలో పడితే మళ్లీ మట్టే. దాన్ని వెనక్కి తిరగని పదార్థంగా మార్చేది వేడి. 100 డిగ్రీల దగ్గర మిగిలిన తడి ఆవిరవుతుంది. సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య కణాల నిర్మాణంలో బంధించి ఉన్న నీరు వెళ్లిపోతుంది, అప్పటి నుంచి అది నీటికి కరగదు. 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని స్ఫటికం ఒక్కసారిగా వ్యాపిస్తుంది. చల్లారేటప్పుడు అదే చోట కుంచిస్తుంది. ఎర్రమట్టి పాత్రలు 900 నుంచి 1,100 డిగ్రీల మధ్య గట్టిపడతాయి. మొదటి రెండు మూడు గంటలు మంట ఎంత నెమ్మదిగా పెరిగితే అంత మేలు. చల్లారకముందే ఆవం విప్పడం వల్ల పోయే కుండలు కూడా తక్కువేమీ కావు.

వంటగది ఓవెన్ ఈ పనికి చాలదు, మహా అయితే ఆరబెట్టడానికి పనికొస్తుంది. నేర్చుకునేవారికి మూడు దారులున్నాయి. నగరాల్లో పాటరీ స్టూడియోలు రుసుము తీసుకుని విద్యుత్ కొలిమిలో కాల్చి ఇస్తాయి. అక్కడ మట్టి రకం ముందే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ వేడిలో కాల్చే మట్టుల పక్కన పెడితే ఎర్రమట్టి కరిగి కొలిమిలోని అరకు అంటుకుంటుంది. ఊళ్లలో కుమ్మరి ఆవంలో చోటు అడగడం ఇంకా మంచిది. ఏ కుండ కింద పెట్టాలి, ఏది పైన, గడ్డి ఎంత, పేడ ఎంత అన్నది కళ్లారా చూసే వీలు ఉంటుంది. దగ్గర్లో కుమ్మరి ఇల్లు ఉండి కూడా ఆ దారి తొక్కకపోవడం నేర్చుకునేవారికి పెద్ద నష్టం. పని చేసినందుకు వారికి తగిన డబ్బు ఇవ్వడం మర్యాద.

బహిరంగ మంట మూడో దారి. విశాలమైన ఖాళీ స్థలం, గాలి లేని పొడి రోజు, పక్కన నీళ్ల బకెట్లు ఉంటేనే చేయాలి. ముందు చుట్టూ చిన్న మంట వేసి కుండలను ఒక గంట వెచ్చబెట్టాలి. తర్వాత పెంకుల మీద బోర్లించి పేర్చి, పిడకలు, కట్టెలు చుట్టూ కూర్చి, గడ్డితో కప్పి అంటించాలి. మంట తీవ్రమైనప్పుడు పొడిపేడతోనో ఊకతోనో కప్పి గాలి ఆడకుండా చేస్తే పొగలోని కార్బన్ గోడలోకి ఇంకి కుండ నల్లబడుతుంది. 1919 ప్రాంతంలో మరియా మార్టినెజ్, భర్త జూలియన్‌తో కలిసి రూపొందించిన నల్లపై నల్ల కుండల రహస్యం ఇదే. లోంగ్పిలో వేడి కుండను మంటలోంచి తీసి ఆకులతో రుద్ది నిగనిగ తెస్తారు.

బహిరంగ మంటలోనూ ఊరి ఆవంలోనూ కాలిన పాత్ర నీటిని కొంచెం పీలుస్తుంది. మంచినీళ్ల కుండకు అది గుణమే: గోడలోంచి చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. గింజలు, పప్పు దాచుకోవడానికి, ప్రమిదగా, మొక్కల కుండీగా ఏ ఇబ్బందీ లేదు. నూనె, పాలు నిలవ పెట్టడానికి పనికిరాదు. వంటకు వాడాలంటే గుండ్రని అడుగు, సమానమైన పలచని గోడ, ఇసుకో పెంకుపొడో కలిపిన మట్టి ఉండాలి. చదునైన అడుగు, మూలలు ఉన్న పాత్ర మంటమీద పగులుతుంది. కొత్త కుండను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, తర్వాత గంజి పోసి చిన్న మంట మీద మరిగిస్తే గంజిలోని పిండి సన్నని రంధ్రాలను కొంతవరకు మూస్తుంది. ఎక్కడ తయారయ్యాయో తెలియని మెరుపు పూతలను తినే పాత్రల మీద వేయకూడదు, పాత పూతల్లో సీసం ఉండే అవకాశం ఉంది.

పని చేసిన చోటు శుభ్రపరచడం కూడా ఈ పనిలో భాగమే. ఎండిన మట్టిపొడిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులకు హాని. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి, పొడి దంచేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. చేతులు, పనిముట్లు సింకులో కడిగితే గొట్టాలు మూసుకుపోతాయి. బకెట్‌లో కడిగి, పైనీళ్లు మొక్కలకు పోసి, అడుగున పేరుకున్న మట్టిని మళ్లీ ఆరబెట్టి డబ్బాలో వేసుకోవాలి.